ఇంగ్లీషులో అడిగితేనే అన్నం

మా చిన్నతనంలో... పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో, మా ఇంటి తలుపు వెనక గోడ మీద బొగ్గుముక్కతో ఒక ప్లాను రాసుకున్నాను. సోమవారం వంటిల్లు, మంగళవారం పెరడు, బుధవారం వీధి... రోజుకొక చోటు. ఆ చోట కనపడిన వస్తువులన్నిటికీ ఆ రోజు ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవాలి. ఎవరో చెప్తే వేసుకున్నది కాదు, నా సొంత ప్లాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇంగ్లీషులో తప్పి బడి మానేసి ఏడాది అయింది. మా నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాట తక్కువ మనిషి. ఒకరోజు గడువు పెట్టేశాడు.

"అంబత్తూరులో మనోళ్ళ నాయుడుగారు లేత్ మిషన్ల కంపెనీ పెట్టుండాడు. ఆడ చేర్చుకోవాలంటే రెండు ముక్కలు ఇంగ్లీషు తెలిసుండాలంట. నీకు నెల టైము. రాలేదా... గూడూరు పో, మీ మామ దగ్గర బర్రెలు కాసుకో."

"పోతే పోతా" అన్నాను. పైకే ఆ పొగరు. అమ్మను వదిలి ఒక్క రాత్రి ఎక్కడా పడుకున్నవాణ్ణి కాదు నేను...

ప్లానులో రూలు ఒకటే. ఇంట్లో ఏం కావాలన్నా ఇంగ్లీషులో అడగాలి. లేకపోతే ఇవ్వకూడదు. అన్నమైనా సరే. అమ్మకు నేనే గట్టిగా చెప్పాను.

"సరి సరి. నాకేం పోయింది" అంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే... నా దగ్గర ఉన్నది పాత పేపర్ల అంగట్లో తెచ్చుకున్న బొమ్మల పుస్తకం ఒక్కటే. అందులో ఆపిల్ ఉంది, ఓడ ఉంది, జీబ్రా ఉంది. మా ఇంట్లో అవి లేవు. మా ఇంట్లో ఉన్న చాట, రోలు, కవ్వం, ఉట్టి ఆ పుస్తకంలో లేవు.

ఆకలి ఆగుతుందా? రెండో రోజే సొంతంగా ఇంగ్లీషు తయారు చేశాను. పప్పుకు "పప్పింగ్". మజ్జిగకు "మజ్జిక్స్". ఏమీ తట్టకపోతే దేనికైనా "ప్లేషన్". గడ్డం పైకెత్తి దొరలాగా అడిగేవాణ్ణి. అమ్మకు సంతకం కూడా రాదు. నా గొంతు వినగానే గరిటె నిండా వేసేది. "మావోడు ఇంగ్లీషులోనే తింటాండాడు" అని వీధి కుళాయి దగ్గర గొప్పలు కూడా చెప్పింది.

గోడ మీద రోజుకొక టిక్కు పెట్టుకుంటూ పోయాను...

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, చివరి ముద్దల్లోకి "మజ్జిక్స్" అన్నాను. అమ్మ చెయ్యి కదల్లేదు.

"అది కాదు. బటర్‌మిల్క్."

తలెత్తి చూశాను. "నీకెవురు చెప్పినారు?"

"ఒకనాడు చాట అడిగినా ప్లేషన్ అంటివి, ఇంకోనాడు ఊరగాయ అడిగినా ప్లేషన్ అంటివి. నాకు చదువు రాదు గానీ చెవులుండాయి కదరా."

చీర చెంగు పట్టుకుని చూపించింది. వరసగా ముళ్ళు... మా వరసలో చివరి ఇంట్లో రైల్వే గార్డు భార్య ఉండేది. ఆంగ్లో ఇండియన్ ఆవిడ, అందరూ దొరసానమ్మ అనేవాళ్ళు. అమ్మ వారం నుంచి రోజూ రసం పొడి పట్టుకుని ఆమె వంటింటికి పోతోంది. ఒక్కొక్క వస్తువు చూపించి పేరు అడగడం, దారిలో మర్చిపోకుండా మాటకొక ముడి వేసుకోవడం...

నేను ఎవరి ముందూ తల దించే రకం కాదు. ఆ రోజు దించాను. తడి గుడ్డతో ఆ టిక్కులన్నీ తుడిచేశాను.

మిగిలింది తొమ్మిది రోజులు. అమ్మ ఆ ముళ్ళలోని మాటలు నేర్పేది, నేను సరిగ్గా చెప్తే ముడి విప్పేది. తప్పితే ముడి ఉండిపోయేది, కూర కూడా గిన్నెలోనే ఉండిపోయేది. రెండు పూటలు వట్టి అన్నం తిన్నాను...

చివరి రోజు చెంగున ఒకటే పెద్ద ముడి.

"ఇది వస్తువు కాదురా. తెలీనప్పుడు చెప్పే మాటంట. ఐ డోంట్ నో."

"ఛీ, అది నేనెందుకు చెప్తా?"

"నీ ప్లేషన్ కన్నా మేలే. చెప్పు."

మర్నాడు నాయన వెంట అంబత్తూరు పోయాను. నాయుడుగారు బల్ల చూపించాడు, తలుపు చూపించాడు, చెంబు చూపించాడు. టకటకా చెప్పేశాను. తర్వాత బల్ల మీద నుంచి ఏదో ఇనుప సామాను తీసి "వాటీజ్ దిస్?" అన్నాడు.

జన్మలో చూడలేదు దాన్ని. నాలుక చివరికి పాత ఇంగ్లీషు వచ్చేసింది... మింగాను.

"ఐ డోంట్ నో, సార్."

నాయన కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, గూడూరే అనుకున్నాను.

నాయుడుగారు దాన్ని కింద పెట్టాడు. "దీన్ని మైక్రోమీటరు అంటారప్పా, మందం కొలిచేది. నీకు ముందు వచ్చినోడు, తెలీకపోయినా అన్నిటికీ తలూపినాడు. అట్లే మిషను ఆన్ చేసి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. తెలీదని చెప్పేవాడైతే చాలు, మిగతాది ఈడ మేం నేర్పిస్తాం. సోమవారం రా."

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది. నాయనే "చేర్చుకున్నాడు" అన్నాడు. అమ్మ అక్కడే కూలబడి "అబ్బ..." అంది. అంతే. ఆ పూట ముగ్గురం తెలుగులోనే అడిగి వడ్డించుకుని కడుపునిండా తిన్నాం.

ఆ కంపెనీలోనే పనిచేసి రిటైరయ్యాను. ఇంగ్లీషు డ్రాయింగులు చూసి కొలతలు తప్పకుండా పని చేశాను. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటోంది. చెవుల్లో ఏవో పెట్టుకుని, గది తలుపు వేసుకుని... ఏం నేర్చిందో, ఎక్కడ తడబడిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా రోజుల్లో ఒక్కడికి పది మాటలు రావాలంటే ఇల్లంతా కదిలేది...

మీ ఇంగ్లీషు కోసం మీ ఇంట్లో ఎవరు తిప్పలు పడ్డారు? రాయండి. ఇంగ్లీషులో రాసినా సరే, కూడబలుక్కుని అన్నీ చదువుతాను.