సలోమమ్మ చేతులు

లాలాగూడ సలోమమ్మ కూర్చున్నా కుర్చీ అంచునే కూర్చుంటుంది. మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు పెద్ద ఆమే. ఎవరింట్లో జ్వరమన్నా జావ కాచుకుని అందరికంటే ముందు వెళ్తుంది. చేతిసంచిలో అత్తరు బుడ్డంత సీసా, అందులో సంఘపెద్దలు ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనె. మోసేది ఆమె, రోగి తలకు రాసి, చేతులుంచి దీవించే అధికారం మాత్రం యాజకత్వం పొందిన మగవాళ్లది. వాళ్లేమో నూనె తేవడం ఎప్పుడూ మరిచిపోతారు.

మొన్న నేరేడ్‌మెట్‌లో సంఘం మనిషే శాంత పది రోజుల టైఫాయిడ్‌తో మూలుగుతోంది. దీవించాల్సిన ఇద్దరు బ్రదర్లు ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు. సలోమమ్మ కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతూ సీసా మూత విప్పుతోంది, బిగిస్తోంది. "నువ్వే చేతులు పెట్టరాదక్కా," అంది శాంత. "గా అధికారం నాకు లేదు బిడ్డా. జెర ఓపిక పట్టు." చివరికి వాళ్లొచ్చారు. వాళ్లలో సత్యదేవ్ నూనె కోసం అలవాటుగా ఆమె వైపు చెయ్యి చాపాడు. రాశాక, దీవెనలో రోగి పూర్తి పేరు పలకాల్సిన చోట ఆగిపోయాడు. "సిస్టర్, ఈమె పేరేంది?" సలోమమ్మ కళ్లు మూసుకునే అందించింది: "గుర్రం శాంతకుమారి." దీవెన ముగించి వాళ్లు వెళ్లారు. శాంత ఆమె చెయ్యి లాక్కుని, నూనె ఆరని మాడు మీద పెట్టుకుంది. సలోమమ్మ తియ్యలేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది. పెదవులు కదిలాయి. అంతలో హెల్మెట్ మరిచిపోయిన సత్యదేవ్ గుమ్మంలోకి తిరిగొచ్చాడు. ఆమె వేళ్లు గబగబా జుట్టు పాయలు తియ్యసాగాయి.

"పేన్లు చూస్తున్న, బ్రదర్," అంది.