మగ్గం ఆడుతుండగా తీసిన ఫోటోలు

మీ ఇంటి గోడ మీదున్న ఫోటోల్లో, పని చేస్తున్న మనిషి ఫోటో ఒక్కటైనా ఉందా? లేచి చూసి రండి. పెళ్లి ఫోటో ఉంటుంది, దేవుడి పటం ఉంటుంది, దండ వేసుకున్న పెద్దలు ఉంటారు. రొట్టెలు చేస్తున్న మీ అమ్మ ఉందా?

మా మేనత్త పోయిన నెల సోలాపూర్ పక్కన కుంభారిలో, కొడుకు ఇంట్లో కాలం చేసింది. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని, బొంత మీద గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. కోడలు పిలిస్తే పలకలేదు. ఏడవడం ఆ ఇంటివాళ్ల వంతు. ఆమె ఎట్లా బతికిందో చెప్పడం నా వంతు. శనివారం భజన అయ్యాక పురాణం చెప్పేవాణ్ణి, మహారాజ్ అని పిలుస్తారు, నాకు ఊరుకోవడం చేతకాదు.

ఆమె బతుకు చాలావరకు సోలాపూర్ ఊళ్లోని భవాని పేట్‌లో గడిచింది. ముందు గదుల్లో మరమగ్గాలు, వెనక వంట, పైన పడక. మగ్గాలు ఆడినంతసేపు నేల అదిరేది. అలమరలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుండేవి. సోలాపూర్ వాళ్లు అరిచి మాట్లాడతారని మా పెద్దలు వదిలొచ్చిన కరీంనగర్ వైపు చుట్టాలు నవ్వుతారు. ఆ చప్పుడులో పెరిగినవాళ్లం, ఇంకెట్లా మాట్లాడతాం?

ఆ చుట్టాలతో మాట్లాడుకొమ్మని కొడుకు ఆమెకు ఫోన్ కొనిచ్చాడు. మాట్లాడింది తక్కువ. దాంతో ఫోటోలు తీయడం పట్టుకుంది. కోడలు భాకరి రొట్టెకు జొన్నపిండి పిసుకుతుంటే తీసేది. కొడుకు తెగిన పోగును ముడి వేస్తుంటే తీసేది. మనవరాలు మెట్ల మీద కూర్చుని తల చిక్కు తీసుకుంటుంటే తీసేది. ఆమె షరతు ఒక్కటే, తనవైపు ఎవరూ చూడకూడదు.

"నువ్వు చూసినవంటె అది నీ ఫోటో అయితది. నాకు ఇంటి ఫోటో కావాలె" అనేది.

నేల అదురుతుంటే చెయ్యి నిలుస్తుందా? ఫోటోలన్నీ చెదిరిపోయి వచ్చేవి. కొడుక్కు విసుగు.

"అమ్మా, అన్నీ ఊగినయ్. జర మగ్గం బంద్ చేస్త, అప్పుడు తియ్."

"బంద్ చేసిన మగ్గం ముంగట నిలవడి ఏం చేస్తవ్‌రా? ముక్కు గోక్కుంటవా?"

కోడలు ఫోన్‌లోకి తొంగిచూసి, "అత్తమ్మా, ఇందుల నాకు రెండు ముక్కులొచ్చినయ్" అంది.

"మంచిదే. భాకరి మాడిన వాసన జల్ది తెలుస్తది."

నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు పురాణం చేతబట్టి సొంతంగా నేర్చుకున్నాను. అందుకే ఆ పుస్తకం నా సంచి దాటదు. ఒక శనివారం మా నేతవాళ్ల మూలపురుషుడు తామర నారతో దేవతలకు బట్టలు నేసిన కథ చెప్పి, గొంతు బొంగురుపోయి కిందికి దిగాను. అత్త అక్కడే నిలబడి ఉంది.

"ఏం మహారాజ్, ఆయన నేస్తుంటె నూలు కండెలు ఎవరు చుట్టిండ్రు?"

"అది రాయలేదు అత్తా."

"రాయరు. ఎవరన్న ఫోటో తీసుంటె ఎరుకయితుండె."

తర్వాత మగ్గాలు నడపడం కష్టమైంది. అమ్మేశారు. భవాని పేట్ ఇల్లు వదిలి కుంభారికి వచ్చారు. కొడుకు ఇప్పుడు బస్సెక్కి వేరేవాళ్ల కార్ఖానాకు పోతాడు. కొత్త ఇంట్లో మొదటి రోజే అత్త వంటగది ఫోటో తీసింది. కొడుకు చూసి సంబరపడ్డాడు.

"సూడమ్మా, ఎంత సాఫ్ వచ్చిందో."

"సాఫే వచ్చింది" అని ఆమె ఫోన్ అలమరలో పెట్టింది. ఆ తర్వాత ఒక్క ఫోటో తీయలేదు. చూడబోయినప్పుడు, ఎందుకు తీస్తలేవని అడిగాను.

"ఇల్లు ఊకున్నదిరా, అదురుడు లేదు. ఏం తియ్యాలె?"

ఆమె పోయాక దశదినానికి గోడ మీద పెట్టడానికి పటం కావాల్సి వచ్చింది. ఆమె నేరుగా చూస్తున్నది ఒక్క ఆధార్ కార్డు ఫోటోయే. కొడుకు దాన్నే పెద్దది చేయిస్తానన్నాడు. ఊగిన ఫోటోలన్నీ తుడిచేసి ఫోన్ కూతురికి ఇస్తానన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. అత్త కండె చుడుతుంటే తాను దొంగచాటుగా తీసిన ఫోటో చూపించింది. అందులో ముఖం రెండుగా చెదిరి ఉంది. నవ్వుతోందని మాత్రం తెలుస్తోంది.

"గోడకు దయ్యం పటం పెట్టమంటవా? వచ్చినోళ్లు ఏమంటరు?" అన్నాడు కొడుకు.

"కార్డు మీదామె మా అత్తమ్మ కాదు. ఆఫీసుల లైన్ల నిలవడి నిలవడి యాష్టకొచ్చిన ముసలామె ఎవరో."

ఇద్దరూ నావైపు తిరిగారు. "బావా, శాస్త్రం ఏమంటది?" అన్నాడు కొడుకు.

నేను సంచిలో చెయ్యి పెట్టాను. దేహం పాత బట్ట, విడిచి పోయేదే, పటం ఏదైతేనేం అని మొదలుపెట్టాను. చెల్లె, అంటే ఆ కోడలు, నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"అన్నా, మనం నేసెటోళ్లం. మన ఇండ్లల్ల పాత చీర ఎవరు పారేసిండ్రు? బొంత కుట్టుకోమా?"

అత్త చివరిసారి కూర్చున్న బొంత మూలన మడిచి ఉంది. నేను పుస్తకం తీయకుండానే సంచి మూసేశాను. కొడుకు ఫోన్ అందుకున్నాడు. ఆ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది మూల మగ్గం ఊపు. గదొక్కటే గిట్ల అడ్డంగ ఊపుతుండె" అన్నాడు.

తర్వాత ఒక్కో ఫోటో జరుపుతూ, ఏ మగ్గం ఆడుతున్నప్పుడు తీసిందో భార్యకు చెప్పుకుంటూ పోయాడు. ఒక్కటీ తుడిచేయలేదు.

దశదినం నాడు ఆ చెదిరిన పటాన్నే గోడకు తగిలించారు. వచ్చినవాళ్లు కళ్లు నులుముకుని చూశారు. దండ కదలకుండా వేలాడుతోంది. దాని మధ్యలో అత్త ఇంకా ఊగుతోంది.

అయ్యా, అమ్మా, చదవడం అయింది. మీ ఇంట్లో ఈ పూట ఎవరో పిండి పిసుకుతుంటారు, ఎవరో బీడీలు చుడుతుంటారు. పండుగ రానీ అనకండి, మంచి చీర కట్టుకొమ్మనకండి. ఫోన్ చేతిలోనే ఉంది, తీయండి. ఇటు చూడమనకండి. మగ్గం ఆపమనకండి. అది ఇంకా ఆడుతుండగానే, ఇవాళే తీయండి.