రంధ్రాన్వేషి చేసిన అలల బల్ల

వీధిలో అందరూ అతన్ని రంధ్రాన్వేషి అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం మేస్త్రీ గారూ అనేవాళ్ళు, పాపం, మర్యాదస్తులు. తలుపులూ కిటికీలూ చేసే మనిషి. చెక్క కొనేముందు వేలి మెటికతో టకటకా కొట్టి, చెవి ఆనించి, లోపల పుచ్చుందేమోనని వినేవాడు. వడ్రంగికి ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి, కాదనను. కానీ ఈయన బస్సు సీటునీ కొట్టి చూసేవాడు, డాక్టరు గారి కుర్చీనీ కొట్టి చూసేవాడు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనేవాడు. నవ్వకపోతే, పట్టుబడతానని భయం పట్టుకుందనేవాడు. "మేస్త్రీ గారూ, వానొస్తుందంటారా?" అంటే "ఏమో, చూడాలి" అనేవాడు. "పిల్లలెంతమంది?" అని ఎవరైనా అడిగితే "ఎందుకడుగుతున్నారు?" అనేవాడు.

"మా ఆయన అద్దంలో చూసుకున్నా, ఎవడ్రా వీడు, మనింట్లో వీడికేం పని అంటాడు" అని నవ్వేది భార్య.

ఉన్నది ఒక్కతే కూతురు. ఆ పిల్లంటే ప్రాణం, అందులో మాత్రం అనుమానం లేదు. ఈతకొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పే పని చేస్తుండేది. ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చి, సముద్రం ఒడ్డున మునిగిపోయేవాళ్ళని కాపాడే దళంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారనీ, ఆదివారం కాక పై ఆదివారం పరీక్షనీ చెప్పింది. పరీక్షకి ఎవరి సర్ఫ్ బోర్డు వాళ్ళే తెచ్చుకోవాలట. ఇన్నాళ్ళూ స్నేహితురాలి బోర్డు మీద నేర్చుకుంది గానీ, ఆ స్నేహితురాలూ అదే పరీక్షకి వెళ్తోంది.

"బోర్డంటే ఏ బోర్డే? గోడకి తగిలించేదా?"

"అలల మీద తేలే బల్ల నాన్నా. దాని మీద బోర్లా పడుకుని, చేతుల్తో నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళ్ళాలి. అల వచ్చినప్పుడు లేచి నిలబడాలి."

"నిలబడి?"

"ఒడ్డుకి వచ్చేస్తాం."

"ఒడ్డుకే వచ్చేదానివి, వెళ్ళడం దేనికి?" అన్నాడు మేస్త్రీ.

అన్నాడే గానీ, లోపల పురుగు దొలచడం మొదలైంది. ఏ పుట్టలో ఏ పాముందో! సముద్రం మీద అంత మోజేమిటి? ఎవడైనా ఉన్నాడా? మర్నాడు పని ఎగ్గొట్టి ఒడ్డుకి వెళ్ళి, ఒక పడవ చాటున నక్కి చూశాడు. కూతురు నీళ్ళల్లో పడుతూ లేస్తూ ఉంది, అంతే. ఎవడూ లేడు. సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చి "నాన్నా, ఈసారి నక్కేటప్పుడు టోపీ పెట్టుకో, మాడిపోయావు" అంది. తర్వాత నవ్వడం మానేసి, "నన్ను నమ్మకపోయినా సరే, బల్ల మాత్రం చేసిపెట్టు. ఈ అవకాశం పోతే మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో తెలీదు" అంది.

మేస్త్రీ చెవి సందున ఉన్న పెన్సిలు తీసి, కూతురి ఎత్తు గోడ మీద గీసుకున్నాడు. చేస్తానన్నాడు.

చెక్కతో చేస్తే కూతురు మొయ్యలేదు. నురుగు కావాలి. నురుగంటే సబ్బు నురుగు కాదు, కొత్త ఫ్రిజ్ కొంటే అట్టపెట్టెలో అటూ ఇటూ పెడతారే, ఆ తెల్లటి థర్మోకోల్ లాంటిది. అది తెచ్చిపెట్టింది బావమరిది. మేడ మీద గదిలోనే ఉంటాడు, కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు బాగుచేసే మెకానిక్. ఎప్పుడూ పళ్ళికిలిస్తూ ఉంటాడు. మేనకోడలికి ఈత నేర్పినవాడూ అతనే. పాత కోల్డ్ స్టోరేజీ గోడలు పడగొడుతుంటే అందులోంచి మనిషి పొడుగు దిమ్మలు ఆటోలో వేసుకొచ్చాడు.

"ఎంతకిచ్చారు?"

"ఊరికే ఇచ్చారు బావా."

"ఊరికే ఎవరిస్తారు?" అని మేస్త్రీ దిమ్మ చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగాడు. మెటికతో కొట్టాడు. చప్పుడే లేదు. జన్మలో మొదటిసారి ఒక వస్తువు ఆయనకి జవాబు చెప్పలేదు. అదీ అసలు భయం.

చెక్కకి నార ఉంటుంది, అది ఎటు పోతే చిత్రిక అటు పోతుంది. దీనికి నారా లేదు, తలా తోకా లేదు. చిత్రిక పడితే పొరలు రాలేదు, గింజలు గింజలుగా ఊడొచ్చింది. ఉలి పెడితే పళ్ళతో కొరికినట్టయింది. ఆఖరికి చిత్రిక పక్కన పడేసి, అట్టముక్కతో ఒక సగానికి కొలత కట్టి, దాన్నే రెండో వైపుకి తిప్పి గీసుకుని, గరుకు కాగితంతో చంటిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దడం మొదలెట్టాడు. తెల్ల గింజలు మీసాల్లో, చెవుల్లో, మంచినీళ్ళ గ్లాసులో! భార్య చీపురు పట్టుకుని వెనకాలే తిరిగేది. అయినా ఒప్పుకోవాలి, ఆకారం మాత్రం వచ్చింది. ముక్కు కొంచెం పైకి లేచి, అంచులు గుండ్రంగా, చేప వీపులా ఉంది.

ఇక దాని మీద గాజు నారతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు మందు పూస్తే గట్టి పెంకు కడుతుందట. గాజుతో గుడ్డ అన్నప్పుడే మేస్త్రీ "నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?" అన్నాడు. బావమరిది మాత్రం ఆరోజు నవ్వకుండా చెప్పాడు.

"బావా, ఎపాక్సీ అని అడిగి తీసుకో. మార్కెట్ వెనక రంగుల కొట్లో దొరుకుతుంది. బస్సు బాడీలకి పూసే రెజిన్ ఇంకోటుంటుంది, అది మాత్రం వద్దు. ఎందుకంటే..."

ఎందుకో వినకుండానే మేస్త్రీ లేచి వెళ్ళిపోయాడు. ఫలానా కొట్టు, ఫలానా డబ్బా అని ఇంత పట్టుబడుతున్నాడంటే ఆ కొట్టువాడికీ వీడికీ ఏదో లాలూచీ ఉంది! నేరుగా బస్సులకి బాడీలు కట్టే షెడ్డుకి వెళ్ళి, వాళ్ళు వాడే డబ్బానే తెచ్చుకున్నాడు. తెచ్చి, గుడ్డిగా పూశాడా? రంధ్రాన్వేషి కదా! ముందు ఒక టేకు ముక్క మీద పూసి ఆరబెట్టి, మెటికతో కొట్టాడు. ఖంగుమంది. "చూశావా, నన్ను ముంచబోయాడు నీ తమ్ముడు" అని భార్యతో అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల ముందు, పెరట్లో తను పనిచేసుకునే రేకుల షెడ్డులో బల్ల మీద గుడ్డ పరిచి, నడుమ నుంచి పూయడం మొదలెట్టాడు. ఘాటు ముక్కు పగలగొట్టేసింది, కళ్ళు ధారలు కట్టాయి. నడిమి భాగం పూయగానే ఇక తట్టుకోలేక, తలుపేసి తాళం పెట్టి, మొహం కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. తిని వచ్చి తలుపు తీశాడు. బల్ల నడుమ గుడ్డ కిందికి జారి ఉంది. దాని కింద, స్నానాల తొట్టిలో సగమంత గొయ్యి!

మేస్త్రీ కేకకి వీధి వీధంతా వచ్చింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆ తాళానికి రెండే చెవులు, ఒకటి ఈయన నడుముకి, రెండోది బావమరిది గుత్తిలో. ఇంకేం కావాలి?

"చెప్పిన డబ్బా కొనలేదని కడుపుమంట! కమిషన్ పోయిందని నా కూతురి బల్ల తవ్వేశావు కదరా!"

మేడ మెట్ల మీద నిలబడ్డ మెకానిక్ మొహంలో నవ్వు ఆరిపోయింది. గుత్తిలోంచి ఆ చెవి ఊడదీసి మెట్టు మీద పెట్టాడు. "ఇన్నేళ్ళూ నువ్వేమన్నా నవ్వాను బావా. పిల్ల నోటి దగ్గరది లాగేశానన్నావు చూడు, దీనికి నవ్వు రావట్లేదు" అని, సంచీ సర్దుకుని పనిచోటే పడుకుంటానని వెళ్ళిపోయాడు. కూతురు గొయ్యినీ తండ్రినీ చూసింది. "మావయ్య లేకుండా నేను పరీక్షకి వెళ్ళను" అని తలుపేసుకుంది. భార్య కంచాలు కడుగుతూ, వినపడేలాగే, "తవ్వింది ఎవరో గానీ, గొయ్యి మాత్రం ఇంటి మధ్యలో పడింది" అంది.

మేస్త్రీ తగ్గాడా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుని పారిపోయాడు చూడండి అన్నాడు. చెవి ఇచ్చేసినా దొంగచాటుగా ఇంకోటి చేయించుకునే ఉంటాడు, రుజువుతో సహా పట్టుకుంటానన్నాడు. మర్నాడు మిగిలిన నురుగుతో మూరెడు పిల్ల బల్ల చేసి, దాని మీదా రెజిన్ పూసి ఎరగా పెట్టాడు. తాళం వేసి, "నేను ఊళ్ళోకి పోతున్నా, సాయంత్రం దాకా రాను!" అని నాలుగిళ్ళకి వినపడేలా అరిచి, వీధి చివరిదాకా వెళ్ళి, సందులోంచి తిరిగొచ్చి, షెడ్డు వెనక రేకుకున్న మేకు రంధ్రానికి కన్ను ఆనించి కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. తలుపు కింది సందులోంచి పిల్లి ఒకటి దూరి, ఆ వాసనకి తుమ్మి, పారిపోయింది. మళ్ళీ ఎవరూ లేరు. అప్పుడు పిల్ల బల్ల మెల్లగా, ఎవరి చెయ్యీ పడకుండా, నడుమ కుంగడం మొదలెట్టింది. మేస్త్రీ కన్ను నులుముకుని మళ్ళీ చూశాడు. ఇంకా కుంగింది. పరిగెత్తి తలుపు తీసి, ఇంకో నురుగు ముక్క మీద డబ్బా వంచాడు. బుసబుసమని ముక్క కరిగిపోయింది, అరచేతిలో జిగురు మిగిలింది. పరీక్షించాడే గానీ, టేకు మీద పరీక్షించాడు. ముప్పై ఏళ్ళుగా చెక్క తప్ప ఇంకోటి ఎరగని బుర్ర, నురుగు మీద పూసి చూడాలని తోచనేలేదు. ఎందుకంటే... అని బావమరిది ఆపిన మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన పట్టాడు. పట్టాక, తేలు కుట్టినవాడిలా నేల మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం కోల్డ్ స్టోరేజీలో నిలబడ్డ మేస్త్రీకి పళ్ళు టకటకలాడుతున్నాయి. చలికి కొంత, సిగ్గుకి కొంత. బావమరిది యంత్రం ముందు గొంతుక్కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. తలెత్తలేదు. మేస్త్రీ తాళం చెవి చాపాడు.

"ఏంటిది?"

"షెడ్డుది. నీ దగ్గరే ఉండనీ."

మెకానిక్ చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఊరికే ఎవరిస్తారు బావా?" అన్నాడు.

ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నాడో తను. ఒక్కసారీ ఇటువైపు నిలబడి వినలేదు. ఇంతకాలం పాలవాడికీ, కొట్టువాడికీ, పడవ చాటునుంచి చూసినరోజు కూతురికీ ఇలాగే ఉండి ఉంటుంది.

"బల్లని తినేసింది నేను తెచ్చిన డబ్బానేరా. నిన్ను దొంగన్నాను. తప్పు నాది."

"యంత్రం చప్పుడు బావా, వినపడలేదు."

"తప్పు నాదిరా!" అని మేస్త్రీ గొంతు చించుకున్నాడు. సరిగ్గా అప్పుడే మెకానిక్ స్విచ్చి ఆపాడు. కోల్డ్ స్టోరేజీ అంతా ప్రతిధ్వనించింది, మూటలు మోసేవాళ్ళు తొంగి చూశారు. మెకానిక్ పళ్ళు బయటపడ్డాయి. "ఆఁ, ఇప్పుడు వినపడింది. పద, రంగుల కొట్టు మూసేస్తాడు."

గొయ్యిని నలుచదరంగా కోసి, అందులో సరిగ్గా పట్టే కొత్త ముక్క బిగించారు. కిటికీ చట్రంలో పలక బిగించినంత నిక్కచ్చిగా, అది మాత్రం ఈయన విద్యే. ఎపాక్సీ బావమరిది కలిపాడు, మేస్త్రీ పూశాడు, గుడ్డ అంచులు కూతురు లాగి పట్టుకుంది. పూసిన ప్రతిసారీ ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. కుంగలేదు.

ఆదివారం ఒడ్డున దళం పెద్దాయన ఒక్కో బోర్డూ చూస్తూ వచ్చి ఈ బల్ల దగ్గర ఆగిపోయాడు. నడుమ నలుచదరపు మచ్చ మీద వేలు పెట్టాడు. "ఇంట్లో చేసిందా? అతుకు కూడా ఉందే! దీన్ని నమ్మి ఇంకో మనిషి ప్రాణం ఎలా ఎక్కించమంటారు? కుదరదు."

కూతురి మొహం పాలిపోయింది. మేస్త్రీ ముందుకొచ్చాడు.

"మునగదు."

అతని నోట "ఏమో, చూడాలి" కాక ఇంకో జవాబు రావడం భార్య వినడం అదే మొదలు.

"అంత గట్టిగా ఎలా చెప్తారు?"

"అతుకు ఎందుకొచ్చిందో చెప్తాను. నా తెలివితక్కువతనం వల్ల. మందు కలిపింది మా బావమరిది, వాడి మాట వినక చెడగొట్టాను, విన్నాక బాగుచేశాను. ఇందులో ఇంకా రంధ్రముంటే ముందు నాకే తెలుస్తుంది. మా వీధిలో అడగండి, నన్ను ఏమని పిలుస్తారో."

"ఏమని?"

"రంధ్రాన్వేషి" అన్నాడు, తలెత్తుకుని. వెనక భార్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయన కాసేపు మేస్త్రీనీ, కాసేపు బల్లనీ చూసి, "సరే, వెళ్ళమ్మా" అన్నాడు.

కూతురు బల్ల చంకన పెట్టుకుని నీళ్ళల్లోకి పరిగెత్తింది. పెద్ద అల ఒకటి మింగేసింది. "మునగదంటావా బావా?" అన్నాడు మెకానిక్. "ఏమో, చూడాలి" అన్నాడు మేస్త్రీ, బావమరిది మణికట్టు విరిగేలా పట్టుకుని. అల అవతల తెల్లగా బల్ల తేలింది. దూరాన మునుగుతున్నట్టు నటిస్తున్న మనిషిని లాగి బల్ల మీద వేసుకుని, అల ఊపు చూసుకుని, ఒడ్డుకొచ్చేసింది పిల్ల.

"వచ్చే వారం నుంచి పనిలోకి రా" అన్నాడు పెద్దాయన.

అందరూ మేస్త్రీ వైపు చూశారు, ఈయన ఇప్పుడేం వంక పెడతాడోనని. ఆయన అటు తిరిగి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏడుస్తున్నావా బావా?"

"గాజు నార కంట్లో పడిందిరా."

"ఇక్కడ గాజు నారెక్కడిది?"

"నీకు మరీ అనుమానాలెక్కువైపోయాయిరా" అన్నాడు మేస్త్రీ.