అరచేతి తూకం

మా దీవిలోని జంగ్లీఘాట్‌లో కంప్యూటర్లు బిగించే ఆయన, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఏదిచ్చినా కళ్లు మూసుకుని అరచేతిలో తూచేవాడు. చేపలు పట్టే ఇంట పుట్టినవాడు, తూకం చేతికే తెలిసేది.

నేను చెన్నై నుంచి ఓడలో తెప్పించుకున్నదాన్ని తూచి, "ఏకదమ్ హల్కా, బరువే లేదు. లోన ఏటీ లేదు భయ్యా, వద్దు," అన్నాడు.

"ఐదొందల వాట్లని రాసుంది కదా!" గొంతు పెంచాను. నా కంప్యూటర్ కొత్త బోర్డు కాలితే మళ్లీ ఓడ వచ్చేదాకా ఆగాలని తెలిసీ మొండికేశాను.

ఆయన నా బోర్డు పక్కకు జరిపాడు. తన దుకాణంలో నడుస్తున్న కంప్యూటర్ విప్పి, దాని డబ్బా తీసి నాది తగిలించాడు. స్విచ్ మీద వేలుంచి నా వైపు చూశాడు.

నేను ఆపలేదు.

టప్‌మని పేలి పొగ లేచింది.

ఆయన తన బరువైన డబ్బా నా చేతిలో పెట్టాడు. "కళ్లు మూసుకో భయ్యా. ఇప్పుడు నువ్వు తూచు."