చప్పిడి పథ్యం

నెల రోజుల్లో నా భార్య ఆరు కిలోల బరువు పోగొట్టుకుంది. ఆకలి పోయింది, నిలబడే బలం పోయింది. రక్తంలో కనీసం నూట ముప్పై అయిదు ఉండవలసిన సోడియం నూట పద్దెనిమిదికి దిగింది.

మా ఎల్లారెడ్డిలో ఎవరికైనా కాళ్లు లాగి నీరసం వస్తే కిడ్నీ జబ్బనుకుని ముందు ఉప్పు మాన్పిస్తారు. మా అమ్మా అదే చేసింది. తొక్కు జాడీ అటకెక్కింది.

"అత్తమ్మా, కుడితిల గూడ ఇంత ఉప్పేస్తరు. నేను బర్రె పాటి చెయ్యనా?"

"నీ మంచికే బిడ్డా. మీ మామ ఉప్పు మానకనే పోయిండు."

ఒక పొద్దున ఆమె వాకిట్లో పడిపోతే ఆటోలో కామారెడ్డి తీసుకెళ్లాం. పరీక్షలు చూసి డాక్టరు చెప్పాడు. కిడ్నీల మీద టోపీల్లా ఉండే గ్రంథుల నుంచి ఒక హార్మోను రావాలి. అది అందితేనే కిడ్నీ కణాలు మూత్రంలోకి పోయే సోడియాన్ని తిరిగి రక్తంలోకి లాగుతాయి. ఆమె గ్రంథులు పాడయ్యాయి. కిడ్నీలు బాగానే ఉన్నా, ఆ కబురు అందక ఉప్పును వదిలేస్తున్నాయి. పైగా ఉప్పు మేము తిననివ్వలేదు.

ఇప్పుడు రోజూ ఆ హార్మోను మాత్ర, కూరలో నిండుగా ఉప్పు. అమ్మే వేస్తుంది. నిన్నటి పరీక్షలో నూట ముప్పై ఒకటి వచ్చింది. ఇంకా నాలుగు రావాలి.