మేనాలో కోడిపిల్లలు

మా ఇంట్లో వెచ్చగా ఉండే గదులన్నీ అద్దెకిచ్చేశాం. కప్పు కిందికి ఉన్న నాలుగు గదుల్లోనూ గజపతినగరం షావుకారు గోగునార కట్టలు వేసుకున్నాడు. మాకు మిగిలినవి వంటిల్లు, ఒక పడకగది, ఎవరూ అద్దెకు అడగని పెద్ద సావిడి. ఎండాకాలం చల్లగా ఉండాలని పెద్దలు దాని కప్పు అంత ఎత్తున కట్టించారు. ఆ చల్లదనమే నా ప్రాణం తీసింది.

సంతలో కోడిపిల్లల్నీ బాతుపిల్లల్నీ కలిపి కొన్నాను. మావాళ్లు తరాలుగా ఈ ఇంట్లోంచి భూములూ నగలూ, చివరికి తలుపుల మీది ఇత్తడి బొడిపెలూ బయటికి పంపినవాళ్లే. లోపలికి ఏదైనా తెచ్చి నిలబెట్టినవాడు లేడు. పెరట్లో గుడ్లు పెట్టే మందను తయారు చేస్తానని ఇంట్లో నేనే గట్టిగా చెప్పాను. కాబట్టి ఇవి బతికి తీరాలి.

తల్లి లేని పిల్లలకు రెక్కల వేడికి బదులు బల్బు వేడి కావాలి. ఫ్రిజ్ అట్టపెట్టెలో ఊక పరిచి, నూకలు చల్లి, సావిడి నడుమ పెట్టాను. ఒకప్పుడు షాండ్లియర్ వేలాడిన కొక్కేనికి తీగ కట్టి బల్బు దించాను. ఆ కొక్కెం ఉండగా గోడకు మేకు కొట్టడానికి మనసొప్పలేదు. తీగ మరీ పొడుగు. ఎవరు తలుపు తీసినా బల్బు ఉయ్యాలలా ఊగేది. పిల్లలు వెచ్చదనం వెంట ఇటూ అటూ పరుగెత్తేవి.

మా మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఒరే, ఈ ఇంట్లోకి కోడి కూరై వొచ్చినాది గానీ, పిల్లై ఎప్పుడూ రానేదురా!"

"పెద్దయ్యాక పెరట్లోకి పోతాయత్తా."

"పెద్దవ్వాలి కదేటి!"

ఇక బాతులు. కోడిపిల్లలు మునగకుండా నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేశాను. బాతులేమో రాళ్ల సందుల్లో ముక్కులు దూర్చి నీళ్లన్నీ ఊక మీదికి చిమ్మాయి. ఊక మార్చాను. మళ్లీ చిమ్మాయి. సాయంత్రానికి పెట్టె అడుగు నాని ఊడిపోయింది. తడిసిన కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటెక్కి గోల పెడుతుంటే, బాతులు ఆ బురదలోనే హాయిగా కూర్చున్నాయి.

"షావుకారు గదిలో ఓ మూల అడిగితే ఏటవుతాదండీ?" అంది మా ఆవిడ.

"నా ఇంట్లో మూల నేను అడుక్కోవాలా?"

"అయితే మీ మాటే నిలబెట్టుకోండి. పిల్లలు మాత్రం నిలబడవు."

తెల్లవారేసరికి ఒక పిల్ల మెడ వాల్చేసింది. దాన్ని పొందూరు కండువాలో చుట్టి గుండెకు ఆనించుకున్నాను. అలాగే వీధరుగు మీదికి వెళ్లాను. షావుకారు కట్టలు దింపిస్తున్నాడు. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను చేతులు జోడించాడు.

"బాబుగారూ, ఇల్లు మీదే, కాదంటానా? కానీ నార పక్కన బల్బేటండీ! అంటుకుంటే నా సరుకూ మీ ఇల్లూ రెండూ బుగ్గే కదా!"

నిజమే. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని మాట. అడగకూడనిది అడిగి, లేదనిపించుకుని లోపలికి వచ్చేసరికి, అత్త సావిడి మూలన ఉన్న మేనా తలుపు లాగుతోంది. మేనా అంటే నాలుగు వైపులా చెక్క కట్టిన పల్లకీ. పెళ్లిలో అత్తవారింటికి ఆవిడను మోసింది అదే. ఆ మధ్య విజయనగరం నుంచి ఒక ఫొటోగ్రాఫరు పెళ్లిళ్లకు అద్దెకు అడిగితే, మా మేనా బజారుకు రాదని పంపేశాను.

"గాలి దూరదు, కప్పు కిందికే ఉన్నాది. ఇంకేటి కావాల? పిల్లల్నిందులో ఎట్టు," అంది అత్త.

"అత్తా, అది నీ..."

"నానెక్కేసినాను. ఇంకెవులెక్కుతారురా దీన్ని, నువ్వా?"

లోపలి పరుపూ గుడ్డా తీసేశాను. బల్బుకు ఇనప వల చుట్టి, మేనా కప్పుకే మేకు కొట్టి వేలాడదీశాను. కొక్కెం పరువు కాపాడి ఏం లాభం? పిల్లల్ని వదిలాక, కాసేపు బల్బు కిందే ముద్దగా ఉండి, మెల్లగా విడిపోయి తలో చోటా పడుకున్నాయి. అరుపులు తగ్గాయి. కండువాలోది మాత్రం బతకలేదు.

బాతులు మేనాలోనూ నీళ్లు చిమ్ముతున్నాయి. రోజూ ఊక ఎత్తిపోస్తున్నాను. టేకు చెక్క నల్లబడుతోంది. సావిడంతా వాసన. ఆ వాసన మధ్య కుర్చీ వేసుకుని, అత్త బాతుల్ని పేరుపేరునా తిడుతూ కూర్చుంటుంది.

నిన్న ఫొటోగ్రాఫరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏం చెప్పాలో నాకు తోచేలోపే అతను మేనా తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఖాళీ నేదు నాయనా!" అని అత్త కుర్చీలోంచే అరిచింది. "తలుపు తియ్యకు, సలిగాలి కొడతాది!"