సంతకం పెట్టని చెల్లెలు

పాయకుంబు బజారులో అస్నిదార్ నోటికి జంకని మనిషి లేడు. వెదురు బొంగులో కొబ్బరిపాలు పోసి కాల్చిన జిగురన్నం అమ్ముతుంది. "నిన్నటిదా, ఇవాళ్టిదా?" అని ఎవరైనా అడిగారా, అయిపోయారే! "నిన్నటిది మీ అత్తగారింట్లో పెడతారేమో, ఇక్కడ కాదు. పదండి, పదండి" అని తరిమేస్తుంది. అయినా పదింటికల్లా బుట్ట ఖాళీ. అరవై మూడేళ్ళ మనిషి. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. మినాంగ్ వాళ్ళలో ఇల్లు తల్లి నుంచి కూతుళ్ళకే వస్తుంది కాబట్టి, ఆడపిల్ల లేని ఆడదాన్ని చూసి నలుగురూ అయ్యో పాపం అంటారు. "మీ అయ్యోలు మీ దగ్గరే పెట్టుకోండి" అంటుంది అస్నిదార్.

ఆమె ఉండేది అమ్మమ్మల నాటి పెద్దింట్లో. కొమ్ముల్లా పైకి లేచిన కప్పు, నగిషీ చెక్కిన గోడలు, ముగ్గురక్కచెల్లెళ్ళకి మూడు గదులు. అక్క యుస్నిమార్ పడాంగ్‌లో ఉంటుంది, చెల్లెలు గుస్మావర్ని జకార్తాలో. ఈ ఏడు వాళ్ళ అన్నయ్య ఒక కబురు తెచ్చాడు. ఆయన వంశానికి పెద్ద, ఇంటా బయటా అందరూ దాతుక్ అనే పిలుస్తారు. ఏదో హోటలు కంపెనీ ఇంటిని దూలానికి దూలం విప్పి తీసుకుపోయి సరస్సు ఒడ్డున నిలబెడుతుందట. కప్పు కారుతోంది, బాగుచేయించే ఓపిక ఎవరికీ లేదు, ఇచ్చేద్దాం అన్నాడు. అక్క సంతకం పెట్టింది, చెల్లెలు పెట్టింది. కానీ వాళ్ళలో ఎక్కువమంది మాట నెగ్గడం అనేది లేదు. ఇంటి ఆడవాళ్ళలో ఒక్కరు కాదన్నా పని ఆగిపోవలసిందే. ఆ ఒక్కరూ అస్నిదార్.

సరిగ్గా అప్పుడే ఆ సినిమా వచ్చింది. పాత నవల అది, ముగ్గురక్కచెల్లెళ్ళ కథ. అక్కడ బడి గుమ్మం తొక్కిన ప్రతి పిల్లా చదివిందే. అస్నిదార్ ఆరో తరగతితో చదువు మానేసింది గానీ, ఆ పుస్తకం మాత్రం పంతులమ్మని బతిమాలి తెచ్చుకుని, చదువురాని తల్లికి పొయ్యి దగ్గర కూర్చుని వినిపించేది. కథలో నడిపి పిల్ల రఫియా, పుట్టిల్లు అమ్మడానికి ఒప్పుకోనని సిరాబుడ్డి మెట్ల మీంచి విసిరికొట్టే చోటు వస్తే తల్లి వంట ఆపేసేది. "ఏదీ, మళ్ళీ చదువు" అనేది. చదివీ చదివీ ఆ పేజీ అస్నిదార్‌కి కంఠతా వచ్చేసింది.

"అక్కా, నీ పుస్తకం సినిమాగా వచ్చింది, రా, ముగ్గురం కలిసి చూద్దాం. నేను విమానంలో వస్తున్నా" అని గుస్మావర్ని ఫోన్ చేస్తే అస్నిదార్ పొంగిపోయింది. ఒకరోజు బజారు మానేసి, మంచి పువ్వుల గౌను తొడుక్కుని పడాంగ్ బస్సెక్కింది. మధ్యాహ్నం ఆట. అక్క పాప్‌కార్న్ కొనిపెట్టింది. చిన్నప్పటి తర్వాత ముగ్గురూ ఒక వరసలో కూర్చోవడం అదే.

తెర మీద ఇల్లు కనబడగానే ఆమె గుండె నిండిపోయింది. అచ్చం తమ ఇల్లే. అంతలో పెద్దక్క మొగుడు లోపలికొచ్చాడు. మేనమామలు మాత్రమే కూర్చోవలసిన చోట దర్జాగా బాసింపట్టు వేసుకుని "కాఫీ తే" అన్నాడు.

"వీడి దుంప తెగ! అల్లుడు అక్కడ కూర్చోవడమేమిటి?" అనేసింది అస్నిదార్, హాలంతా వినబడేలా.

"ష్! నోర్మూసుకుని చూడవే" అని యుస్నిమార్ మోచేత్తో పొడిచింది.

వెనక వరసలోంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "ఆవిడన్నది నిజమేనండోయ్. మా అత్తారింట్లో నేనక్కడ కూర్చుంటే కాఫీ కాదు, నా చెప్పులు తెచ్చిచ్చేవాళ్ళు."

చుట్టుపక్కల జనం ఘొల్లున నవ్వారు. అస్నిదార్ కూడా నవ్వింది. పోనీలే, పిల్లకాయలు తీసిన సినిమా, చివరికి ఎలాగూ రఫియా ఉందిగా అని సర్దుకుంది.

చివరి ఘట్టం రానే వచ్చింది. రఫియా ముందు కాగితం పెట్టారు. ఆ పిల్ల సిరాబుడ్డి చేతిలోకి తీసుకుంది. అస్నిదార్ సీటు అంచుకు జరిగింది. రఫియా అక్క మొహం చూసింది, చెల్లి మొహం చూసింది, కలం ముంచి సంతకం పెట్టింది. పిల్లనగ్రోవి మోగింది. ముగ్గురూ ఒకర్నొకరు వాటేసుకున్నారు. హాల్లో ముక్కు చీదని మనిషి లేడు.

అస్నిదార్ కంట్లో చుక్క నీరు లేదు. ఒళ్ళు భగ్గున మండిపోయింది. తల్లి చేత అన్నిసార్లు "మళ్ళీ చదువు" అనిపించుకున్న పేజీని ఎవరో చించి పారేశారు.

"చూశావా అక్కా," అంది గుస్మావర్ని కళ్ళొత్తుకుంటూ. "ఇల్లు పోతే పోయింది, అక్కచెల్లెళ్ళు మిగిలారు."

"మన కాగితం నా సంచీలోనే ఉంది," అంది యుస్నిమార్ మెల్లగా.

"ఓహో! పాప్‌కార్న్ పెట్టింది ఇందుకా?" అంది అస్నిదార్, లేచి బయటికి నడుస్తూ.

బయట ఒక అమ్మాయి మైకు పట్టుకుని, సినిమా ఎలా ఉందని వచ్చినవాళ్ళనల్లా అడుగుతోంది. పక్కన ఫోనుతో వీడియో తీస్తున్నారు. "మూడుసార్లు ఏడ్చాను," అంది ఒక కాలేజీ పిల్ల. "రఫియాలాంటి చెల్లెలు ఇంటికొకతి ఉండాలి," అంది ఒక నడివయసు ఆవిడ, ముసుగు అంచుతో కళ్ళు తుడుచుకుంటూ. మైకు అస్నిదార్ ముందుకొచ్చింది.

"పెద్దమ్మా, మీకు ఏడుపొచ్చిందా?"

"రాలేదు. ఒళ్ళు మండింది. రఫియా సంతకం పెట్టలేదమ్మాయ్, పుస్తకం తెరిచి చూసుకోండి. పెట్టనుగాక పెట్టనని సిరాబుడ్డి విసిరికొట్టింది. మీరేమో దాని చేత సంతకం పెట్టించి, చూశారా ఎంత మంచిపిల్లో అంటున్నారు. ఏం, కాదన్న ఆడది చెడ్డదా? తల వంచితేనే అక్కచెల్లెళ్ళ మీద ప్రేమున్నట్టా?"

"మీరైతే ఏం చేసేవారు పెద్దమ్మా?"

"చేసేవారు ఏమిటి? చేస్తున్నాను. ఇదిగో మా అక్క, అదిగో మా చెల్లి. కాగితం వీళ్ళ సంచీలోనే ఉంది. నేను పెట్టను!"

యుస్నిమార్ సంచీతో మొహం కప్పుకుంది.

ఆ వీడియో రెండు రోజుల్లో ఊరూరా తిరిగింది. సగం మంది పెద్దమ్మకి జై అన్నారు. సగం మంది, ముసల్దానికి సినిమా గురించి ఏం తెలుసు, అక్కచెల్లెళ్ళని బజారుకీడ్చింది అని తిట్టిపోశారు. ఆదివారం దాతుక్ అందరినీ పెద్దింటికి పిలిపించాడు. అస్నిదార్ తెల్లవారే లేచి అందరికీ వంట చేసి, చాప మీద కంచాలు సర్దిపెట్టింది.

"ఇంటి గుట్టు వీధికెక్కించావు," అన్నాడు దాతుక్, కాగితం ముందుకు తోస్తూ. "ఇకనైనా పెట్టు."

"పెట్టను."

"ఎవరికోసమే ఈ మొండితనం? వాళ్ళిద్దరికీ ఆడపిల్లలున్నారు. నీకు ఆడపిల్ల లేదు. నీ తర్వాత నీ గది తలుపు తెరిచే దిక్కు కూడా లేదు."

గుస్మావర్ని తల దించుకుంది. అన్నయ్య అంత మాట అంటాడని ఎవరూ అనుకోలేదు. ఊరి వాళ్ళ అయ్యోలు వేరు, తోడబుట్టినవాడి మాట వేరు.

"లేదు," అంది అస్నిదార్. "నాకు లేదు. అక్కకి ఇద్దరు, చెల్లికి ఒకతి. ఇల్లు వాళ్ళది. ఇందులో నాకు ఒక్క చెక్కముక్క మిగలదని మీకంటే నాకే బాగా తెలుసు. అయినా పెట్టను దాతుక్. అమ్మ దీన్ని నా చేతికిచ్చింది అమ్ముకోమని కాదు, ఆ పిల్లలకి అందించమని."

"నీ ఒక్కదాని వల్ల పని చెడిందని ఊరంతా చెబుతాను."

"చెప్పండి. పేరు మాత్రం సరిగ్గా చెప్పండి. అస్నిదార్."

దాతుక్ చేయగలిగింది ఏమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మెతుకు ముట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అంతకు మించిన అవమానం లేదు. అస్నిదార్ ఆయన కంచం మీద మూత పెట్టింది.

యుస్నిమార్ కూడా లేచింది. "ఇక నీ మొహం చూడను," అంది మెట్ల దగ్గర.

"చూడకు. కోపం తగ్గేదాకా అటు తిరిగి పడుకో. కానీ పడాంగ్‌లో ఏం కష్టమొచ్చినా, అర్ధరాత్రి వచ్చినా ఈ తలుపు తోసుకుని రా. నన్నడగక్కర్లేదు. ఇది నీ ఇల్లు. నువ్వు అమ్ముకుందామన్నా నేను అమ్మనివ్వలేదు, అందుకని ఇంకా నీదే."

యుస్నిమార్ మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుని, విసవిసా నడిచింది. వీధి మలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి గొంతు చించుకుంది.

"నా గదిలో ఎవర్నీ పడుకోబెట్టకు!"

"పడుకోబెట్టనులే, పో!" అని అరిచింది అస్నిదార్.